చేతుల గరుకు, మూడు కొలతలు

మీరేం పని చేస్తారని అడిగితే నా సర్వీసంతా నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను. "చర్మం గరుకు కొలుస్తాను" అంటే హయత్‌నగర్‌లో మా కాలనీవాళ్లు ముందు నమ్మలేదు, నమ్మినాక నవ్వారు. మా పక్కింటి సత్తన్నకు బట్టల కొట్టు ఉంది. ఆయనైతే, "గరుకు కొలుసుడేందన్నా, చెయ్యి పెడితే తెల్వదా? నేను దినాం తానులు పట్టి చూస్త, ఎవ్వడన్న నాకు జీతమిస్తుండా?" అన్నాడు.

సత్తన్న మాట తీసిపారేసేది కాదు. చెయ్యి పెడితే తెలుస్తుంది. కాకపోతే ఏం తెలుస్తుంది, ఎవరి చేతికి తెలుస్తుంది, అదే చెయ్యి మళ్లీ వారం కూడా అదే మాట చెబుతుందా అన్నవి తేలలేదు. అవి తేల్చే ప్రయత్నంలో నా జుట్టు పోయింది. చర్మం మీద ఆసక్తి ఉన్నవాడికి నెత్తి మీద కూడా చర్మమే మిగిలింది.

సౌందర్య సాధనాల పరీక్షా కేంద్రాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, "సార్, ఏ పద్ధతి మంచిది?" అని అడిగారు. వాళ్ల కోసం రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. ఒకటి రెండు వచ్చాయి, ఎందుకొచ్చాయో నాకూ తెలియదు. ఒక్క పరీక్ష గురించి మాత్రం వివరంగా చెబుతాను. దాని తర్వాత నేను ఈ పనిని ముందులా చూడలేకపోయాను.

ఏ గరుకు?

ముందు పద్ధతులు చెప్పాలి. మా కాలంలో మూడు ఉండేవి.

మొదటిది రబ్బరు అచ్చు. రెండు ముద్దలు కలిపితే గట్టిపడే మెత్తటి రబ్బరును ముంజేతి మీద ఒక చిన్న వలయంలో పూస్తాం. ఆరినాక ఊడదీస్తే చర్మం మీది గీతలన్నీ తలకిందులుగా అందులో దిగి ఉంటాయి. ఆ అచ్చు మీద సన్నటి సూదిని నడిపిస్తే, అది ఎక్కి దిగినకొద్దీ కాగితం మీద గుట్టలూ లోయలూ పడతాయి. చూడడానికి మా రాచకొండ గుట్టలలాగే ఉండేది. చాలా ఓపిక కావాలి. ఎండాకాలంలో రబ్బరు కలుపుతుండగానే గట్టిపడేది. ఒక్క గాలిబుడగ పడిందంటే సూది దాన్ని కూడా చర్మమే అనుకుని భక్తిగా కొలిచేది.

రెండోది చారల వెలుగు. చేతి మీద సన్నటి వెలుగు చారలు వేస్తే, చర్మం ఎత్తుపల్లాలను బట్టి ఆ చారలు వంకరపోతాయి. ఆ వంకర్లను కెమెరా చదువుతుంది. అచ్చుకు ఒక పూట పట్టేది దీనికి క్షణాల్లో అయిపోయేది. అయితే ఆ క్షణంలో చెయ్యి కదలకూడదు. మనవాళ్లను కదలకుండా కూర్చోమని అడగడమంటే చెరువును అలలు ఆపమని అడిగినట్టే.

మూడోది మనిషి చెయ్యి. శిక్షణ పొందిన మనిషి వేలి కొసలతో నిమిరి, సున్నా నుంచి తొమ్మిది దాకా మార్కు వేయాలి. సున్నా అంటే నున్నటి చెయ్యి. తొమ్మిది అంటే పట్టుచీర తగిలితే పోగు లేచే చెయ్యి.

మూడూ ఒకే సంగతి కొలుస్తాయని అనుకోకండి. నేను చాలా కాలం అనుకున్నాను. ఒకసారి ఒక ముసలమ్మ చెయ్యి, శేరిగూడలో ఇంజినీరింగు చదివే ఒక అమ్మాయి చెయ్యి ఒకే రోజు చూశాం. ముసలమ్మ చేతినిండా లోతైన ముడతలు, కానీ మెత్తగా వెన్నలా ఉంది. అమ్మాయి చేతికి ముడతే లేదు, చలికి పొట్టు లేచి ఉంది. సూది ముసలమ్మది గరుకంది, వేలు అమ్మాయిది గరుకంది. రెండింటిదీ పొరపాటు కాదు. సూదికి లోతు తెలుసు, వేలికి రాపిడి తెలుసు. అందుకే ఎవరైనా గరుకు ఎంత అని అడిగితే, ఏ గరుకు అని ముందు అడగండి. ఆ ఎదురుప్రశ్న వేసినందుకు ఒక బాసు నన్ను "నీకు తోలు మందం" అన్నాడు. కొలవకుండా చెప్పాడు, నేను ఒప్పుకోలేదు.

కవిత పని

హైదరాబాదు నాలుగు దిక్కులా పొంగుతున్న కాలం అది. ఔటర్ రింగ్ రోడ్డు పనులు నడుస్తున్నాయి, కొంగరకలాన్ వైపు పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. మా కంపెనీ ఇబ్రహీంపట్నం బస్టాండు అవతల ఒక రెండంతస్తుల కిరాయి ఇంట్లో పరీక్షా కేంద్రం పెట్టింది. పట్నంలో నిజమైన గరుకు చేతులు దొరకడం కష్టమై, చేతులున్న చోటికి మేమే వచ్చామన్నమాట. నాట్లు వేసేవాళ్లు, ఇటుకలు మోసేవాళ్లు, చేపలు తోమేవాళ్లు మా వలంటీర్లు.

వాళ్ల చేతులు నిమిరి మార్కులు వేసేది కవిత. శేరిగూడలో ఒక కాలేజీ హాస్టల్ వంటగదిలో గిన్నెలు తోముతుండేది. మొదట వలంటీరుగానే వచ్చింది. ఆమె వేళ్లకు తేడా బాగా తెలుస్తుందని గమనించి శిక్షణ ఇచ్చాం. ఈ పనికి వేలి కొసలు మెత్తగా ఉండాలి కాబట్టి వంటగది మానేయాలన్నది షరతు. మానేసింది. ఇంట్లో కూడా గిన్నెలు ఆమె మొగుడే తోముతాడని మా దగ్గర గొప్పగా చెప్పుకునేది. "ఆఫీసు రూలని చెప్పిన సార్. నమ్మిండు!"

మా డైరెక్టరు ప్రభాకర్ గారు నెమ్మదైన మనిషి, లెక్క మనిషి. ఒకరోజు కవితను, నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"మూడు పద్ధతులు నడపడం మన వల్ల కాదు. ఏ క్రీమూ రాయకుండా, అవే చేతులను వారం వారం మూడు పద్ధతుల్లోనూ కొలవండి. క్రీము లేదు కాబట్టి గరుకు మారకూడదు. మారనిదాన్ని మారలేదని ఏ పద్ధతి చూపిస్తుందో అది ఉంటుంది. తప్పినది పోతుంది." కవిత వైపు తిరిగి, "అమ్మా, చేతితో చూసే పద్ధతి పోతే నీ ఉద్యోగం కూడా ఉండదు. తర్వాత తెలియడం కన్నా ఇప్పుడే చెప్పడం మంచిదని చెబుతున్నా" అన్నారు.

అలా ముఖం మీద చెప్పే బాసులు తక్కువ. కవిత తల ఊపింది. బయటికొచ్చాక నాతో అంది: "సార్, మళ్లీ ఆ వంటింట్ల గిన్నెలకాడికి నేను పోను. మస్తు మంచిగ చూస్త, చూడున్రి."

తగ్గిన గరుకు

మూడు వారాలు కొలిచాం. ఫలితం చూసి నా బుర్ర తిరిగింది. క్రీము లేదు, ఏమీ లేదు. సూది లెక్కలో గరుకు వారం వారం తగ్గింది. వెలుగు లెక్కలోనూ తగ్గింది. కవిత మార్కులు మాత్రం మొదటి వారం ఎలా ఉన్నాయో చివరి దాకా అలాగే ఉన్నాయి.

ప్రభాకర్ గారు కాగితాలు ముందూ వెనకా తిప్పి చూసి, "యంత్రాలకన్నా మన కవితే నయమయ్యా" అన్నారు. ఆ సాయంత్రం కవిత అందరికీ మిర్చీబజ్జీలు తెప్పించింది. నేనూ తిన్నాను. కానీ మనసులో ఒకటి గుచ్చుతూనే ఉంది. సూది, వెలుగు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. తప్పు చేస్తే చెరోవైపు చేయాలి. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేవైపు ఎందుకు పోయాయి?

మరో వారం కొలిచి చూద్దామని అనుకున్నాం. ఆ రోజు బస్సు తొందరగా దొరికి, నేను కాస్త ముందే చేరాను. వెనకవైపు బోరు నల్లా దగ్గర మాటలు వినబడితే అటు వెళ్లాను. మా వలంటీర్లందరూ అక్కడే ఉన్నారు. ఒకామె కాళ్లు తోముకునే రాయితో చేతులు రుద్దుకుంటోంది. ఇంకొకామె కొబ్బరినూనె సీసా పక్కామెకు అందిస్తోంది. లోపల మావాళ్లు యంత్రాలను సరిచూసుకుంటున్నారు, గోడవతల వీళ్లు చేతులను సరిచేసుకుంటున్నారు.

వాళ్లలో పెద్దది బాలమణి. సంతలో చేపలు తోమి కోసిచ్చే మనిషి.

"ఏం జేస్తున్నరమ్మా?" అన్నాను.

"కనవడ్తలేదా సారూ? చేతులు తోముకుంటున్నం."

"ఎందుకు?"

"ఎందుకంటవేంది? మొదటిసారి గట్లనే మట్టి చేతులతోని వస్తిమి. మీరేమో లైట్లు పెట్టి, అద్దాలు పెట్టి, ఒక్కొక్క గీత జూస్తిరి. మాకు ఇజ్జత్ లేదా? ఇంటికి పోయినంక అందరం అనుకున్నం, సార్ల కాడికి గిట్ల పోవద్దని."

"అయ్యో, మేం చూసేదే ఆ గరుకు గదమ్మా!"

"మీరు చూస్తరని మేం చూపిస్తమా?" అంది బాలమణి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మరేం చేయను?

చేతులు చూస్తామని చెబితే మీ కాలేజీ పుస్తకంలోని వలంటీరు చెయ్యి చాపుతాడు. మన ఊళ్లో మనిషి ముందు చెయ్యి కడుక్కుంటాడు. ఎవరింటికైనా పోతే కాళ్లు కడుక్కుని లోపలికి అడుగుపెట్టడం లాంటిదే. మర్యాద కూడా ఒక పూతే, దాన్ని తీసేయకుండా కొలిస్తే మర్యాదే కొలతకు వస్తుంది. అప్పటినుంచి నేను నడిపిన ఏ పరీక్షలోనైనా మొదటి రోజు కొలతలు పక్కన పెట్టి, మనుషులు మాకు అలవాటు పడ్డాకే అసలు పని మొదలుపెట్టాను. ముందురోజు నుంచీ ఏమీ రాయవద్దనీ, వచ్చాక చల్లటి గదిలో కాసేపు కూర్చోవాలనీ చెప్పేవాణ్ణి. ఎందుకో కూడా చెప్పేవాణ్ణి. ఎందుకో చెప్పని నిబంధనను ఎవరూ పాటించరు, నేనైనా పాటించను.

నల్లా దగ్గర నిలబడి ఉండగానే రెండో సంగతి తట్టింది, నా నవ్వు ఆగిపోయింది. చేతులు నిజంగానే నున్నబడ్డాయి. అంటే యంత్రాలు చెప్పింది నిజం. మరి కవిత మార్కులు ఎందుకు మారలేదు?

పరదా

ప్రభాకర్ గారికి చెప్పేముందు కవితకు చెప్పాలనిపించింది. రబ్బరు కలిపే గదిలో ఒంటరిగా ఉంటే వెళ్లి కూర్చున్నాను.

"కవితా, వీళ్లు చేతులు రుద్దుకొని, నూనె రాసుకొని వస్తున్నరు."

"అవ్ సార్, నూనె వాసన వచ్చింది. మన ఆడోళ్లు రాసుకోరా ఏంది? తుడిచి చూసిన."

"తుడిచినా చెయ్యి నున్నబడింది. సూదికి తెలిసింది, వెలుగుకు తెలిసింది."

ఆమె చేతిలోని గరిటె ఆగింది. "నా మార్కులు మారలే."

"మారలే."

గరిటెను గిన్నె అంచుకు ఆనించింది. బయట ఆటోవాళ్లు సవారీల కోసం అరుస్తున్నారు. తర్వాత తనే అంది: "బాలమణక్క వస్తే, చేపలు తోమే చెయ్యి గదా అని ముందే అనుకుంటున్న సార్. చెయ్యి పట్టుకోకముందే ఎనిమిది అనుకుంటున్న. నేను చెయ్యిని చూడలే. అక్కను చూసిన."

ఆ వారాలన్నీ యంత్రాలు నూనెను కొలిచాయి, కవిత తన పరిచయాన్ని కొలిచింది. మేం కొలవాలనుకున్న చర్మం అలాగే మిగిలిపోయింది.

"ప్రభాకర్ సార్‌కు చెప్పాలె" అన్నాను.

"చెప్పున్రి. వద్దంటే మీరు ఆగుతరా?" కళ్లు తుడుచుకుంది. "గని నాకొక్కసారి మనుషులు కనవడకుండ పెట్టి చూడున్రి సార్. మధ్యల పరదా కట్టున్రి. అప్పుడు గూడ తప్పు వస్తే, తప్పని రాయున్రి."

ప్రభాకర్ గారు ఒప్పుకున్నారు. మరొక్క విడత, అంతే అన్నారు. ముదురు నీలం దుప్పటి తెచ్చి గది మధ్యలో కట్టాం, చెయ్యి పట్టేంత రంధ్రం కోశాం. అటు కవిత, ఇటు వలంటీర్లు. ఎవరి తర్వాత ఎవరో ఆమెకు తెలియదు. ఒక్కొక్క చెయ్యి రెండేసి సార్లు వస్తుంది, అదీ వరసగా కాదు. ఒకే చేతికి రెండుసార్లూ ఒకే మార్కు వేయగలిగితే గెలిచినట్టు.

చెప్పినంత తేలిక కాలేదు. ముంజేతి మీది పచ్చబొట్లు చూసి మనిషిని గుర్తుపట్టవచ్చు. గాజులు తీయమంటే ఒక్కరూ తీయలేదు, భర్త బతికుండగా గాజులు తీయించే ఆఫీసు ఎక్కడిదని గొడవపెట్టారు. చివరికి గాజులను పైకి జరిపి, వాటినీ పచ్చబొట్లనూ కలిపి దవాఖాన పట్టీలు చుట్టాం. బాలమణి చేతిని వాసనతో గుర్తుపడతానని కవితే తన ముక్కుకు కొంగు బిగించుకుంది. నోరు మెదపవద్దని వలంటీర్లకు చెప్పాను. పరదాలోంచి చెయ్యి పెట్టగానే బాలమణికి నవ్వొచ్చింది.

"అక్కా, నువ్వు నవ్వితే నాకు తెలుస్తది, బయటికి పో" అంది అవతలి నుంచి కవిత.

"నేను కాదే, వేరేటోళ్లు" అంది బాలమణి.

ఆ మార్కు కొట్టేసి ఆమె చేతిని చివరికి మార్చాం. మధ్యలో ఒకసారి తేడా తెలియడానికి నా చెయ్యి పెట్టాను. కవిత రెండుసార్లు నిమిరి, "ఇది ఏ పనీ చెయ్యని చెయ్యి, సున్నా" అంది. నా సర్వీసు మీద అంత కచ్చితమైన రిపోర్టు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఒక చెయ్యి వస్తుంది, ఆమె కళ్లు మూసుకుని నిమురుతుంది, అంకె చెబుతుంది, నేను రాసుకుంటాను. ఆమె గొంతు తగ్గుతూ పోయింది. కొన్నిసార్లు చేతిని వదలకుండా చాలాసేపు పట్టుకునేది. నాకు రెండు అంకెలూ పక్కపక్కనే కనిపిస్తున్నాయి కాబట్టి, ఆమెకన్నా ముందే నాకు తెలిసిపోతోంది.

రాసిన మాట

బాగా గరుకైన చేతిని, నున్నటి చేతిని ఆమె వేళ్లు ఎప్పుడూ తారుమారు చేయలేదు. మధ్యలో ఉన్న చేతుల దగ్గరే చిక్కు వచ్చింది. ఒకే చేతికి మొదటిసారి నాలుగు, రెండోసారి ఆరు. ఇంకో చేతికి తిరగబడి. క్రీము తెచ్చే మార్పు అంతే ఉంటుంది, ఒకటి రెండు మార్కులు. అంత సన్నటి మార్పు మీద ఆమె మాటను నమ్మలేమని కాగితం చెబుతోంది. ఈసారి ఏమీ రాసుకోకుండా రమ్మని, అవే చేతులను యంత్రాలతోనూ రెండేసి సార్లు కొలిచాం. నూనె లేని చేతుల మీద వెలుగు యంత్రం దాదాపు తొణకలేదు. రబ్బరు అచ్చు బుడగలు పడ్డచోట తప్ప బాగానే నిలిచింది.

పిల్లలూ, మనకు ఇష్టమైన మనిషి కొలతలో ఓడిపోయినప్పుడు కొలతను కాస్త వంచాలనిపిస్తుంది. "పరదా కొత్త కాబట్టి" అని ఒక వాక్యం చేర్చవచ్చు. చేర్చకండి. అలా చేర్చిన వాక్యం ఆ మనిషిని కాపాడదు, తర్వాత ఆ మనిషి చెప్పే ప్రతి నిజాన్నీ అనుమానంలో పడేస్తుంది. అలాగే, యంత్రం గెలిచిందని రాస్తే చాలదు, దేంట్లో గెలిచిందో రాయండి. క్రీము రాసుకునే మనిషి సూదితో చూసుకోదు, వేలితోనే చూసుకుంటుంది. వేలిని పూర్తిగా తీసేసిన పరీక్ష ఎంత కచ్చితంగా ఉన్నా ఎవరి కోసమో నాకు అర్థం కాదు. అందుకే ఒక్క మనిషి మార్కు సరిపోదని, వేర్వేరుగా చూసే ఇద్దరు ఉంటే నిలుస్తుందని రాశాను. నమ్మే రాశాను, దయతో కాదు.

ప్రభాకర్ గారు మొత్తం చదివారు. "నువ్వు చెప్పింది సబబే. కానీ ఇద్దరిని పెట్టుకునే స్థితి మనకు లేదు. ఒక్కరు సరిపోరని నువ్వే అంటున్నావు" అన్నారు. కవితకు ఇంకేదైనా పని ఇవ్వమని అడిగాను. ఖాళీ లేదన్నారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, నిజంగానే లేదు.

కవితకు నేనే చెప్పాను. నా కన్నా తనే తేలిగ్గా తీసుకున్నట్టు కనిపించింది.

"నేనే గదా సార్ పరదా కట్టమన్న. ఆ హాస్టలోళ్లను అడిగిన, రమ్మన్నరు." తన వేళ్లను ఒకసారి చూసుకుంది. "నెల తిరిగేసరికి ఇవి గూడ మీ లెక్కకొస్తయి."

వలంటీర్లకు సంగతి తనే చెబుతానంది. ఆఖరి రోజు అందరూ వచ్చి వరండాలో కూర్చున్నారు. గదిలోని దుప్పటి అప్పటికే విప్పేశాం. కవిత బయటికి వచ్చి బాలమణి పక్కన కింద కూర్చుంది. ఆమె చెయ్యి తీసుకుని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. బాలమణి ఆ రోజు చేతులు తోముకోలేదు. పొద్దున సంతకు పోయి నేరుగా వచ్చినట్టుంది, గోటి సందుల్లో చేప పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి.

అలవాటు ప్రకారం నేను పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను.

కాసేపయ్యాక బాలమణి అడిగింది: "ఎంత ఏసినవే పిల్లా?"

"ఏం ఎయ్యలే అక్కా" అంది కవిత. "ఊకెనే పట్టుకున్న."